మంగళవారం పూట ఒక కుర్చీ: నడివయసులో మానసిక ఆరోగ్య సేవలోకి ఎలా రావాలి

బ్యాంకులో ఇరవై ఆరేళ్లు కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని. వీఆర్ఎస్ తీసుకున్న ఏడాదికి మా చిన్నవాడు కూడా ఉద్యోగమని బెంగళూరు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో నేను చేసిన ఘనకార్యం పప్పుల డబ్బాలకి పేర్లు రాసి అంటించడం. రెండుసార్లు అంటించాను. యాభై రెండేళ్లు, మోకాళ్లు తప్ప ఒంట్లో అన్నీ బాగానే ఉన్నాయి, పొద్దున్నే లేవడానికి మాత్రం కారణం కనపడేది కాదు.

ఇప్పుడు ప్రతి మంగళవారం మా ఊరి సర్కారు ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ముందు వరండాలో కూర్చుంటున్నాను. ఐదేళ్లవుతోంది. "నాకూ ఏదైనా చెయ్యాలనుందండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని నెలకి ఒకరిద్దరైనా అడుగుతున్నారు. ఫోన్లో చెప్పిందే చెప్పలేక వరసగా రాసి పెడుతున్నా. ఇది డాక్టర్ల కోసం కాదు. నలభై ఐదు, యాభై దాటి, చేతిలో కాస్త ఖాళీ, మనసులో కాస్త వెలితి ఉన్న మామూలు మనుషుల కోసం.

1. ముందు మీ నాడి మీరు చూసుకోండి

ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయండి. అబద్ధం లేకుండా. "ఇంట్లో తోచట్లేదు" అనేది మంచి కారణమే, సిగ్గుపడక్కర్లేదు. "నా బాధ మర్చిపోవాలి" అన్నది మాత్రం ప్రమాదకరమైన కారణం. రెండు వారాలుగా మీకే నిద్ర పట్టక, అన్నం సయించక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే ఆ ఓపీకి ముందు చీటీ రాయించుకుని వెళ్లండి, వాలంటీరుగా తర్వాత వద్దురు గాని. ముట్లు ఆగిపోయే వయసులో చాలామంది ఆడవాళ్లకి దిగులు, చిరాకు, నిద్రలేమి కలిసొస్తాయి. దాన్ని జీవితంలో లక్ష్యం లేకపోవడం అనుకుని ఆశ్రమాలు తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఇంట్లో ఎవరైనా ప్రాణం తీసుకున్న దుఃఖం మీకు ఇంకా పచ్చిగా ఉంటే కనీసం ఏడాది ఆగమంటాను. అలాంటి ఫోన్ ఒకటి వస్తే ఆ రాత్రి మీకు తెల్లారదు.

వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో కూడా అక్కడే రాసి, దాన్ని సగం చెయ్యండి. పెళ్లిళ్లు, పురుళ్లు, అత్తగారి డయాలసిస్, పిల్లలు రమ్మంటే ఆరు నెలలు డాలస్. మన వయసుకి వచ్చేవన్నీ వస్తాయి. వారానికి మూడు గంటలు ఏడాది పాటు తప్పకుండా వచ్చే మనిషి, మొదటి నెల రోజూ వచ్చి రెండో నెల కనపడని మనిషి కంటే నయం.

2. పనేమిటో తెలుసుకోండి

జాతీయ మానసిక ఆరోగ్య సర్వేని 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ చేసింది. సాయం అవసరమైనవాళ్లలో, జబ్బుని బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని అందులో తేలింది. అంతమందికి సరిపడా డాక్టర్లు రేపో ఎల్లుండో రారు. అందుకే కాస్త శిక్షణ ఇచ్చి మామూలు మనుషుల్ని కూర్చోబెట్టడం మొదలైంది. గోవాలో సంగత్ సంస్థ డిగ్రీలు లేని కౌన్సెలర్లతో చేసి చూపించింది. మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, దిగులుతో ఉన్నవాళ్లని గుర్తించడం నేర్పారు.

నాకు బాగా నచ్చింది మాత్రం జింబాబ్వే ముసలమ్మల కథ. డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు దగ్గర చికిత్సలో ఉన్న ఒకమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆసుపత్రికి రావడానికి బస్సు చార్జీలు లేక రాలేకపోయిందని తల్లి ఆయనకి చెప్పింది. ఆయన 2006లో హరారే నగరంలో ఎంబారే అనే పేదల వాడలో, 14 మంది అవ్వలకి శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో చెట్టు కింద చెక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. ఫ్రెండ్‌షిప్ బెంచ్ అని పేరు. ఆ అవ్వలు డిప్రెషన్ అన్న మాటే వాడరు. అక్కడి షోనా భాషలో 'కుఫుంగిసిస' అంటారు. అంటే ఆలోచనలు మరీ ఎక్కువైపోవడం. "ఊరికే ఏదో ఆలోచిస్తా కూర్చుంటదమ్మా" అని మా వరండాలో అత్తలు కోడళ్ల గురించి చెప్పేది సరిగ్గా ఇదే. 2016లో వచ్చిన పరిశోధనలో ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కంటే బాగా కోలుకున్నారని తేలింది.

గుర్తుంచుకోవాల్సింది: అవ్వ డాక్టరు కాదు, మీరూ కాదు. జబ్బుకి పేరు పెట్టడం, మాత్ర మార్చమనడం, భార్యాభర్తల తగువు తీర్చడం మన పని కాదు. వినడం, తోడు వెళ్లడం, సరైన తలుపు చూపించడం వరకే.

3. ఏ తలుపు తట్టాలి

మూడు నాలుగు దారులున్నాయి.

ఫోన్ హెల్ప్‌లైన్ ఒకటి. హైదరాబాద్‌లో రోష్ని ఏళ్లుగా వాలంటీర్లతో నడుస్తోంది. 1953లో లండన్‌లో ఒక చర్చి నుంచి మొదలైన సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ సంస్థ పద్ధతే దీనికీ మూలం. సలహా ఇవ్వరు, తీర్పు చెప్పరు, వింటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ అనే ఫోన్ సేవ వేరు. అక్కడ మాట్లాడేది జీతం మీద పనిచేసే కౌన్సెలర్లు. మనం చేరలేం గానీ, ఆ 14416 నంబరు మన నాలుక చివరన ఉండాలి. ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో, ఉచితం.

రెండోది నేను ఎంచుకున్నది, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కుని, సూపరింటెండెంట్ పేరు మీద అరపేజీ దరఖాస్తు పట్టుకెళ్లండి. వయసు, చేసిన ఉద్యోగం, రాగల రోజు, ఆధార్ కాపీ చాలు. "మానవ సేవే మాధవ సేవ" లాంటివి రాయకండి. "రోగులకి చీటీలు రాయడంలో, మందుల కౌంటర్ చూపించడంలో సాయపడతాను" అని రాయండి. నన్ను మూడుసార్లు తిప్పి నాలుగోసారి ఒక కుర్చీ వేశారు.

కోలుకుంటున్నవాళ్లు పగలు వచ్చి పనులు నేర్చుకునే డే కేర్ కేంద్రాలు మూడోది. కుట్టు, వంట, లెక్కలు, తోటపని, ఏది వచ్చినా అక్కడ పనికొస్తారు. పల్లెలో ఉంటే డ్వాక్రా సంఘం సమావేశం, గ్రంథాలయం, హైస్కూలు. అక్కడ ఆశా, ఏఎన్ఎంలతో కలిసి పని చెయ్యండి. వాళ్లని దాటి వెళితే ఊళ్లో మీ మాట ఎవరూ వినరు. అమెరికాలో ఉండేవాళ్లు 2022 జూలై నుంచి నడుస్తున్న 988 అనే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ కేంద్రాల్లో వాలంటీర్లని తీసుకుంటారేమో వాళ్ల ఊళ్లోనే అడగాలి. గుడిలో, తెలుగు సంఘంలో ఒంటరిగా తిరిగే పెద్దవాళ్ల పక్కన కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏ సంస్థకి వెళ్లినా నాలుగు ప్రశ్నలు అడగండి. శిక్షణ ఎన్ని రోజులు? నా మీద పెద్ద దిక్కు ఎవరు? ఎవరైనా ప్రాణాపాయంలో ఉంటే నేను ఎవరికి చెప్పాలి? గోప్యత గురించి కాగితం మీద సంతకం పెట్టించుకుంటారా? జవాబులు నీళ్లు నములుతూ వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. నేను మొదట చేరిన చోట ఒక పూట ఉపన్యాసం విన్నాక మెడలో బ్యాడ్జీ వేసి, శాలువా కప్పి, ఫొటో తీసి, మర్నాడే ఫోన్ ముందు కూర్చోబెట్టారు. రెండో ఫోనుకే నా చేతులు వణికాయి. ఎవర్ని పిలవాలో చెప్పినవాళ్లు లేరు. నెలలోపు బయటికొచ్చేశా. శాలువా మాత్రం ఇంకా ఉంది, చలికాలం పనికొస్తుంది.

4. నోరు మూసుకోవడం నేర్చుకోండి

ఎక్కువసేపు చెప్పాల్సింది దీని గురించే. నడివయసులో మన దగ్గర పుష్కలంగా ఉండే సరుకు సలహా. పిల్లల్ని పెంచాం, ఇల్లు కట్టాం, అప్పులు తీర్చాం, ఎదుటివాళ్లు నోరు తెరవగానే మన దగ్గర మందు సిద్ధం. ఈ పనికి మొదట అడ్డం పడేది అదే.

నా రెండో వారంలో ఒకావిడ పక్కన కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి.

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదక్కా."

"పడుకునే ముందు గోరువెచ్చటి పాలు తాగమ్మా. ఫోన్ చూడకు. పొద్దున్నే కాస్త నడువు."

"సరే అక్కా."

అంతే. కొంగు సర్దుకుని అటు తిరిగి కూర్చుంది. నేనేమో మంచి మాట చెప్పానని మురిసిపోయా. లోపలున్న సోషల్ వర్కర్ అమ్మాయి, మా చిన్నవాడి వయసుది, తర్వాత మెల్లగా అంది: "మేడమ్, ఆవిడ తలుపు తీసింది, మీరు వేసేశారు."

నాలుగు వారాలకి ఆవిడే మళ్లీ మందులకొచ్చింది. ఈసారి నేర్చుకున్నట్టు చేశాను.

"నిద్ర ఎట్లా ఉందమ్మా?"

"అంతేనక్కా."

"ఎన్నాళ్ల నుంచి ఇట్లా?"

"సంక్రాంతి నుంచి."

నేనేం మాట్లాడలేదు. చీటీ మడత విప్పింది, మళ్లీ మడిచింది. లోపల మనసులో పది లెక్కపెట్టుకున్నా. పదిహేను కూడా అయింది.

"సంక్రాంతికి చిట్టీ ఎత్తినామక్కా. ఆయన ఆ పైసలు ఎక్కడ పెట్టిండో చెప్పడు."

ఆ పదిహేను సెకన్లే శిక్షణంతా. ఇంట్లో సాధన చెయ్యొచ్చు. రోజుకి ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్లు ఏదైనా చెబుతుంటే మధ్యలో అందుకోకుండా, "నేనైతేనా" అనకుండా, మన కథ ఎత్తుకోకుండా వినండి. నేను మా ఆయన మీద మొదలుపెట్టా. మూడో రోజు "ఒంట్లో బాలేదా?" అని అడిగారు.

మాటలు కూడా కొత్తగా నేర్చుకోవాలి. మా ఊరు ఆంధ్రాకీ తెలంగాణకీ సరిహద్దు, రెండు రకాల మనుషులూ వస్తారు. ఎవరూ "డిప్రెషన్" అని రారు. ఒకరికి బెంగ, ఒకరికి రంది, ఇంకొకరికి మనాది. చాలామందికి అసలు మనసు మాటే ఉండదు. గుండె దడ, గ్యాస్ పైకి తన్నడం, కాళ్లు పీకడం, నరాల బలహీనత అంటారు. ఊరి ఆర్ఎంపీ దగ్గర నాలుగు సెలైన్లు ఎక్కించుకుని వస్తారు. వాళ్ల మాటనే వాళ్లకి తిరిగివ్వండి. "రంది" అంటే "రంది ఎప్పుడు ఎక్కువుంటది, పొద్దున్నా, మాపునా?" అని అడగండి. పెద్ద పేరు పెట్టి భయపెట్టకండి.

గాలి సోకిందనీ, ఎవరో ఏదో చేశారనీ అన్నప్పుడు నవ్వకండి, వాదించకండి. "గుడికెళ్లండి, దర్గాకెళ్లండి, మాత్రలు మాత్రం ఆపకండి" అనేది మా ఓపీలో నానుడి. ఒక్కచోట మాత్రం గట్టిగా ఉండాలి. మనిషిని గొలుసుతో కట్టేస్తున్నారని తెలిస్తే డాక్టరుకి చెప్పి తీరాలి. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన పాకకి నిప్పంటుకుంటే గొలుసులకి కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుల్ని పూర్తిగా నిషేధించింది.

శిక్షణలో తొమ్మిది ప్రశ్నల పట్టిక ఒకటి చూపిస్తారు, పీహెచ్‌క్యూ-9 అని. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఓపిక, ఆసక్తి ఎలా ఉన్నాయని అడుగుతుంది, తెలుగులోనూ ఉంది. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తెలుసుకోవడానికి అది దారి చూపుతుంది. అది చేతికి రాగానే చుట్టాలందరికీ మార్కులు వెయ్యకండి. నేను వేశాను. మా ఆడపడుచు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

5. చావు మాట వచ్చినప్పుడు

"అందరూ హాయిగా ఉంటారు నేను లేకపోతే", "ఇంక చాలనిపిస్తోంది". ఇలాంటి మాట వినపడితే దాటెయ్యకండి. సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. "ఛ, అలాంటి మాటలనకూడదు, పిల్లల మొహం చూడు" అంటే మాత్రం ఆ మనిషి మళ్లీ మీకు చెప్పదు.

అవును అంటే, ఒంటరిగా వదలకండి. ఎలా అని ఆలోచన కూడా చేసి పెట్టుకున్నారా అని అడగండి, ఉంటే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. ఆ రోజే డాక్టరుకి చూపించాలి. ఆ మనిషి నమ్మే ఇంటిమనిషిని ఒకర్ని పిలిపించండి. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు అదే పూట ఇంకొకరింటికి చేరాలి. ఆ క్షణం దాటించగలిగితే చాలామంది నిలబడతారు. పత్తి చేలున్న ఊళ్లలో అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఇదే. రాత్రిపూట 14416, అప్పటికే ఏదైనా జరిగితే 108.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా" అంటారు. వెయ్యకండి. "నీ ప్రాణం మీదికి రానంతవరకు ఎవరికీ చెప్పను" అని మొదటి రోజే చెప్పుకోవాలి.

ఇంట్లోవాళ్లకి పోలీసు కేసు భయం ఉంటుంది. ఆ భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా తెస్తారు. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో లేదు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకుంటారు, దాన్ని చూసి బెదరక్కర్లేదని చెప్పండి. ఇంటర్ ఫలితాలొచ్చే వారం ఈ పేరా మళ్లీ చదువుకోండి.

6. కాగితాల పని

సేవ అంటే కన్నీళ్లు తుడవడం అనుకుని వచ్చినవాళ్లకి ఇది చప్పగా ఉంటుంది. నాకైతే బ్యాంకు ఉద్యోగం పనికొచ్చింది ఇక్కడే.

దిగులుకిచ్చే మందులు పనిచెయ్యడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వేసుకుని "ఏం తేడా లేదు" అని ఆపేసేవాళ్లు, నెలకి బాగై "ఇంకెందుకు" అని ఆపేసేవాళ్లు ఎంతోమంది. మోతాదు గురించి నేను నోరెత్తను. చీటీ వెనక తర్వాత రావాల్సిన తేదీ, వారం పెద్దక్షరాలతో రాస్తాను. చదువురానివాళ్లకి పొద్దుటి మాత్ర పక్కన సూర్యుడు, రాత్రి మాత్ర పక్కన చంద్రుడు. "మందులు అలవాటైపోతాయంటగా" అని భయపడితే "లోపల డాక్టరు గారిని ఇదే మాట అడుగు, నేను గుర్తుచేస్తా" అంటాను.

ఇంకోటి, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యంగా గుర్తించింది. ఏళ్ల తరబడి స్కిజోఫ్రెనియాతో ఉన్న కొడుకుకి 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చని చాలామంది తల్లులకి తెలియదు. స్లాటు బుక్ చేయించడం, పాత చీటీలన్నీ తేదీల వరసలో పెట్టడం, క్యాంపు రోజు తోడెళ్లడం, ఒక్కో మనిషికి రెండు మూడు పూటలు పడుతుంది. డెబ్బై ఏళ్ల తల్లి పదకొండేళ్ల చీటీలు ప్లాస్టిక్ కవరులో తెచ్చి నా ఒళ్లో గుమ్మరించింది. వరసలో పెట్టి కుట్టు వేసి ఇస్తే, అది పుస్తకంలా అయిందని తిరగేసి తిరగేసి చూసుకుంది.

7. గిరి గీసుకోండి

నా సొంత నంబరు ఒకరికి ఇచ్చాను. జాలితోనే. మూడు వారాలు రాత్రి రెండింటికి ఫోను. నాలుగో వారం ఎత్తలేదు, ఎత్తనందుకు తెల్లవార్లూ నిద్ర లేదు. పొద్దున ఆసుపత్రికెళ్లి చూస్తే ఆ మనిషి టీ తాగుతూ కనిపించాడు. ఆ రోజు నుంచీ మూడు నియమాలు: నంబరివ్వను, డబ్బివ్వను, ఇంటికి రానివ్వను. బస్సు చార్జీకి లేకపోతే సోషల్ వర్కర్ దగ్గర చిన్న డబ్బా ఉంది, అందులో వేస్తాను.

పని అయ్యాక పది నిమిషాలు మీ పైవాళ్లతో మాట్లాడి ఇంటికెళ్లండి. విన్నది ఇంటికి మోసుకెళ్లకండి. మా ఆయనకి నేను ఎవర్ని కలిశానో తెలియదు, అలసిపోయానా లేదా మాత్రమే తెలుసు.

చిన్న ఊళ్లో గోప్యతకి పరీక్ష పెళ్లిళ్లలో వస్తుంది. ఓపీలో కలిసినావిడ పట్టుచీర కట్టుకుని భోజనాల దగ్గర ఎదురవుతుంది. మీరు ముందు పలకరించకండి. ఆవిడ పలకరిస్తే "బాగున్నారా" అని, పక్కవాళ్లు "ఎలా తెలుసు?" అంటే "బ్యాంకులో పరిచయం" అనండి. వాట్సాప్‌లో "ఈ రోజు ఒక అభాగ్యురాలిని కలిశాను" అని పేరు లేకుండా పెట్టినా ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

8. మొదటి ఏడాది ఎలా ఉంటుంది

మొదటి నెల ఉత్సాహం. మూడో నెలలో విసుగు ఖాయం. అందరూ ఒకే సంగతి చెబుతున్నట్టు ఉంటుంది, ఎవరూ బాగుపడుతున్నట్టు అనిపించదు. బాగైనవాళ్లు ఓపీకి రారు కదా, మనకి కనపడేది మిగతావాళ్లే. ఈ లెక్క అర్థం కావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మానేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మానేస్తారు. ఆర్నెల్లు నిండేదాకా మానేయాలా వద్దా అని ఆలోచించనని ముందే అనుకోండి.

పొద్దున్నే లేవడానికి కారణం అన్నానే, అది దొరికిందా అంటే, మంగళవారానికి దొరికింది. బుధవారాలు ఇప్పటికీ పప్పుల డబ్బాలతోనే. మా చిన్నవాడు సెలవు పెట్టి వచ్చేముందు "అమ్మా, మంగళవారం కాదుగా?" అని అడిగి టికెట్ తీసుకుంటున్నాడు.

వెళ్లే రోజు సంచిలో మంచినీళ్ల సీసా, రెండు పెన్నులు (ఒకటి ఎవరో పట్టుకెళ్తారు), స్టాప్లర్, 14416 రాసిన చిన్న చీటీలు, పిల్లలతో వచ్చేవాళ్ల కోసం ఒక బిస్కెట్ ప్యాకెట్. ఓపీ తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకల్లా వెళ్లండి, ఆలస్యమైతే కుర్చీ ఇంకొకరు లాక్కుపోతారు.